పసిపిల్లలకు డైపర్ ర్యాష్: తగ్గించే తీరు, రాకుండా చూసుకునే తీరు

నీళ్లు చూస్తే చాలు కేరింతలు కొట్టే మా రెండో అమ్మాయి, తొమ్మిదో నెలలో ఒకరోజు ఉదయం, కాళ్ల మీద పడుకోబెట్టుకుని మొలకు నీళ్లు పోయగానే ఒళ్లు బిగబట్టి కెవ్వుమని ఏడ్చింది. తిప్పి చూస్తే పిరుదుల మీద, తొడల లోపలి వైపు చర్మం కమిలిపోయి, పండుమిరపకాయ తొక్కలా ఎర్రగా మెరుస్తూ కనిపించింది. ముందురోజు రాత్రి విశాఖపట్నం నుంచి సికింద్రాబాద్‌కు రైలులో వచ్చాం. ఎక్కేముందు వేసిన డైపర్‌ను, పిల్లకు నిద్రాభంగం అవుతుందన్న ఆలోచనతో, తెల్లవారి ఇల్లు చేరేవరకు నేను మార్చలేదు. ఇంట్లో పెద్దవాళ్లు ఒంట్లో వేడి చేసిందన్నారు, మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు చేతిలో పెట్టారు. అది రాసిన రెండు రోజులకు ఎరుపు తగ్గినట్టే తగ్గి, ఐదో రోజుకల్లా గజ్జల మడతల్లోకి పాకింది. చివరికి పిల్లల డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్తే, ఆవిడ ఆ ట్యూబు మీది చిన్న అక్షరాలు చదివి, ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా, ఇంక రాయవద్దు అని పక్కన పెట్టేశారు.

ఆ వారం రోజుల్లో నేను నేర్చుకున్నదీ, ఆ తరువాత శ్రద్ధగా చదివి తెలుసుకున్నదీ, కొత్తగా తల్లులూ తండ్రులూ అయినవారికి ఉపయోగపడాలని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఒక్క మాట ముందుగానే చెప్పాలి. ఈ బాధకు మూలం పసి చర్మం మీద మలమూత్రాల తడి ఎక్కువసేపు నిలిచి ఉండటమే కాబట్టి, చికిత్సలో ముప్పాతిక భాగం మందులో లేదు. ఆ తడిని వెంటవెంటనే తీసేయడంలోనూ, చర్మానికి తడి తగలకుండా మందంగా పూత వేయడంలోనూ ఉంది.

అసలు ఎందుకు వస్తుంది

ఆరోగ్యంగా ఉన్న చర్మం పైపొరకు కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది, అదే దానికి మొదటి కాపలా. డైపర్ లోపల గంటల తరబడి తడి నిలిచిపోతే, బట్టలు ఉతికిన తరువాత మన వేళ్ల చివరలు ఎలా నానిపోతాయో, పిల్లల చర్మం కూడా అలాగే ఉబ్బి మెత్తబడుతుంది. అలా మెత్తబడిన చర్మం డైపర్ అంచుకు ఏ కొంచెం ఒరుసుకున్నా గీరుకుపోతుంది. మూత్రం ఒక్కటే అయితే నష్టం కొంతవరకే ఉంటుంది, దానికి మలం తోడైనప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది. మలంలోని బ్యాక్టీరియా విడుదల చేసే యూరియేజ్ అనే ఎంజైము మూత్రంలోని యూరియాను విడగొట్టి అమ్మోనియాను తయారుచేస్తుంది. పొద్దున్నే, రాత్రి వేసిన డైపర్ విప్పగానే ముక్కుకు తగిలే ఘాటు ఆ అమ్మోనియాదే. దాని వల్ల చర్మం మీది ఆమ్ల గుణం పోయి క్షార గుణం పెరుగుతుంది. క్షార గుణం పెరగగానే, తిన్నదానిలోని మాంసకృత్తులనూ కొవ్వునూ అరిగించడానికి పేగుల్లో పనిచేసి, మలంతో పాటు బయటికి వచ్చిన ఎంజైములు మళ్లీ చురుకెత్తి, పొట్టలో చేయవలసిన పనిని చర్మం మీద మొదలుపెడతాయి.

ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే మిగిలినవన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. విరేచనాలు పట్టుకున్నప్పుడు ఒక్కరోజులోనే ఒళ్లు పుండు పడినట్టు ఎందుకు అవుతుందంటే, ఆహారం పేగుల్లో ఆగకుండా వేగంగా జారిపోవడం వల్ల ఆ ఎంజైములు మరింత బలంగా బయటికి వస్తాయి, పైగా మాటిమాటికీ తడుస్తుంది, మాటిమాటికీ తుడుస్తాం. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల మలంలో ఆమ్ల గుణం ఎక్కువగా, ఈ ఎంజైముల జోరు తక్కువగా ఉంటుంది కనుక వారికి ఈ బాధ కొంత తక్కువ. అన్నప్రాశన అయి రకరకాల ఆహారం మొదలయ్యాక మలం తీరు మారుతుంది, పిల్లలు కూర్చునే సమయం కూడా పెరుగుతుంది, అందుకే 9 నుంచి 12 నెలల మధ్య ఇది ఎక్కువగా కనిపిస్తుంది. జలుబుకో చెవిపోటుకో యాంటీబయాటిక్ వాడినప్పుడు కూడా, మంచి బ్యాక్టీరియా తగ్గి విరేచనాలు పలచబడటం వల్ల, ఫంగస్‌కు చోటు దొరకడం వల్ల, ర్యాష్ రావచ్చు. బాలింత యాంటీబయాటిక్ వాడుతున్నా పాలు తాగే బిడ్డలో ఇదే జరగవచ్చు.

వేడి చేయడం అన్నమాట గురించి కూడా చెప్పాలి. ఎండాకాలంలో చెమట వల్ల డైపర్ లోపలి తడి పెరుగుతుందన్నది నిజమే, కానీ తల్లి మామిడిపండు తిన్నందువల్లనో వంకాయ కూర తిన్నందువల్లనో బిడ్డకు ఒరుపు రాదు. ఈ నమ్మకంతో బాలింతకు పథ్యం ఇంకా బిగించి, ఆమెకు అందవలసిన కూరలూ పండ్లూ మాన్పించడం తల్లికీ బిడ్డకూ అన్యాయం. అలాగే ర్యాష్ వచ్చిందంటే తల్లి శుభ్రంగా ఉంచడం లేదని అర్థం కాదు. నవజాత శిశువు రోజుకు దాదాపు 20 సార్లు మూత్రం పోస్తుంది కాబట్టి, ఎంత జాగ్రత్తగా చూసుకునే ఇంట్లోనైనా ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది.

చూసి గుర్తుపట్టడం

మామూలు ర్యాష్ డైపర్ గట్టిగా ఆనుకునే చోట్లనే వస్తుంది. పిరుదుల గుండ్రటి భాగం, పొత్తికడుపు కింది భాగం, తొడల లోపలి వైపు, మర్మాంగాల పైభాగం ఎర్రబడి, కాస్త వాచినట్టు, తాకితే వెచ్చగా ఉంటుంది. మడతల లోపల మాత్రం చర్మం మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే డైపర్ అక్కడ ఆనదు. చామనఛాయ, నలుపు రంగు పిల్లల్లో ఎరుపు స్పష్టంగా తెలియదన్న సంగతి చాలామందికి తట్టదు. పుస్తకాల్లోని బొమ్మల్లోలాగా ఎర్రగా లేదు కదా అని ఊరుకోకూడదు. ఆ పిల్లల్లో చర్మం చుట్టుపక్కల కంటే ముదురు గోధుమ రంగుకో ఊదా రంగుకో తిరిగి, నునుపుగా మెరుస్తుంది. ట్యూబ్‌లైటు కింద కాకుండా కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూస్తే తేడా తెలుస్తుంది.

మా అమ్మాయిని చూసినప్పుడు డాక్టరుగారు పిరుదులను ఒక్క క్షణమే చూసి, గజ్జ దగ్గరి మడతను రెండు వేళ్లతో నెమ్మదిగా విడదీసి, లోపలికి టార్చి వేసి నన్ను వంగి చూడమన్నారు. మడత అడుగున చర్మం పచ్చి మాంసం రంగులో తడిగా ఉంది, దాని అంచు వెంబడి సన్నటి తెల్లని పొట్టు లేచి ఉంది. ఆ అంచు దాటి, ముగ్గు వేసేటప్పుడు పక్కన రాలిన పిండి చుక్కల్లాగా, విడివిడిగా చిన్న చిన్న ఎర్రటి పొక్కులు ఉన్నాయి. మడతల్లోకి పాకడం, చుట్టూ చుక్కలు రాలినట్టు ఉండటం, ఈ రెండూ కలిసి కనిపిస్తే అది కాండిడా అనే ఫంగస్ అని ఆవిడ చెప్పారు. మామూలు ర్యాష్ మూడు రోజులకు మించి తగ్గకుండా ఉంటే ఈ ఫంగస్ దాని మీద చేరడం తరచుగా జరుగుతుంది. అప్పుడు బిడ్డ నోరు కూడా చూడాలి. నాలుక మీద, బుగ్గల లోపల పాలపొరలాంటి తెల్లని పూత తుడిచినా పోకుండా ఉంటే అదీ అదే ఫంగస్. పాలు తాగే బిడ్డ అయితే తల్లి చనుమొనలకు కూడా మందు అవసరం కావచ్చు.

నడుము పట్టీ దగ్గర, వీపు మీద ఆవగింజల్లా లేచేవి చాలావరకు చెమటకాయలు, వాటికి గాలీ చల్లదనమే మందు.

మొదటి మూడు రోజుల్లో చేయవలసినవి

అన్నిటికంటే ముందు డైపర్ మార్చే పద్ధతి మారాలి. ర్యాష్ ఉన్నన్నాళ్లు పగటిపూట రెండు గంటలకొకసారి విప్పి చూడాలి, మలవిసర్జన చేసినట్టు తెలిస్తే క్షణం ఆగకుండా మార్చాలి. రాత్రి కూడా ఒకసారి, పాలు పట్టే సమయంలో, మార్చడం మంచిది. బిడ్డ నిద్ర చెడుతుందని నేను చేసిన పొరపాటు మీరు చేయవద్దు. మంట పెట్టే తడిలో పడుకున్న బిడ్డ ఎలాగూ సరిగ్గా నిద్రపోదు.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు చాలు. మగ్గుతో సన్నగా ధారగా పోస్తూ, చేతివేళ్లతోనే మెల్లగా కడగాలి, లేదా తడిపిన దూదితో అద్దాలి. సబ్బు అవసరమైతే రోజుకు ఒక్కసారి, అదీ సువాసన లేని, పిల్లలకు తగిన మృదువైన సబ్బు మాత్రమే వాడాలి, ఎందుకంటే మామూలు సబ్బు క్షార గుణం కలది, ఇప్పటికే పోయిన ఆమ్ల గుణాన్ని అది ఇంకా దూరం చేస్తుంది. మలం ఎండి అంటుకుపోయి ఉంటే గీకకుండా, కొద్దిగా కొబ్బరినూనె అద్దిన దూదితో నానబెట్టి తీయాలి. ఆడపిల్లలను ఎప్పుడూ ముందు నుంచి వెనక్కి తుడవాలి, లేకపోతే మలంలోని బ్యాక్టీరియా మూత్రనాళంలోకి చేరుతుంది. మగపిల్లల విషయంలో అంగం ముందు చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగకూడదు. కడిగిన తరువాత రుద్దడం అన్నమాటే మరిచిపోవాలి. పాత నూలు పంచెనుంచో, ఎన్నోసార్లు ఉతికి మెత్తబడిన చీరనుంచో చింపిన గుడ్డను పైన పరిచి, అరచేత్తో ఒత్తి ఎత్తాలి. మడతల్లో తడి మిగలకుండా చూడాలి.

తరువాతిది గాలి. మన ఇళ్లలో వెనకటికి పిల్లలు మొలతాడు తప్ప ఒంటి మీద ఇంకేమీ లేకుండా ఇల్లంతా పాకేవారు. ఈ బాధ విషయంలో దానికి మించిన పద్ధతి నేటికీ లేదు. రబ్బరు షీటు మీద నూలు గుడ్డ పరిచి, బిడ్డను బోర్లా పడుకోబెట్టి, పక్కనే కూర్చుని ఆడిస్తూ, పది పదిహేను నిమిషాల చొప్పున రోజులో వీలైనన్నిసార్లు మొలను ఆరనివ్వాలి. బోర్లా పడుకోబెట్టడం బిడ్డ మేలుకుని మీ కళ్లెదుట ఉన్నప్పుడు మాత్రమే, నిద్రలో ఎప్పుడూ వెల్లకిలానే ఉంచాలి. త్వరగా ఆరాలని హెయిర్ డ్రయర్ పెట్టడం, నేరుగా ఎండలో పడుకోబెట్టడం వద్దు. ఇక మొలతాడు తడిసి అలాగే ఉంటే అదే ఒరుసుకుని గీత పడుతుంది, కాబట్టి ర్యాష్ తగ్గేవరకు దాన్ని విప్పడమో, వదులు చేసి ప్రతిసారీ తుడిచి ఆరబెట్టడమో చేయాలి.

ఆరిన చర్మం మీద వేయవలసింది జింక్ ఆక్సైడ్ పూత. మందుల షాపులో ఏ పేరుతో దొరికినా సరే, పెట్టె మీద జింక్ ఆక్సైడ్ ఎంత శాతం ఉందో చదవాలి. మామూలుగా 10 నుంచి 40 శాతం వరకు ఉంటుంది, చర్మం బాగా కమిలినప్పుడు ఎక్కువ శాతం ఉన్నదే బాగా పనిచేస్తుంది. ఇందులో యాంటీబయాటిక్ గానీ స్టెరాయిడ్ గానీ సువాసన గానీ కలిసి ఉండకూడదు. రాసే తీరు కూడా తెలియాలి. ముఖానికి స్నో రాసినట్టు పలచగా రాసి చర్మంలోకి ఇంకేలా రుద్దితే ప్రయోజనం లేదు. గోడకు సున్నం పట్టించినట్టు, కింద చర్మం రంగు కనిపించనంత మందంగా, రుద్దకుండా పరచాలి. ఇది చర్మంలోకి వెళ్లి పనిచేసే మందు కాదు, చర్మానికీ మలమూత్రాలకూ మధ్య నిలబడే గోడ. ఆ పూత డైపర్‌కు అంటుకుపోకుండా దాని మీద పలచగా పెట్రోలియం జెల్లీ రాయవచ్చు. జింక్ ఆక్సైడ్ దొరకని ఊళ్లో, చర్మం పగలనంతవరకు, పెట్రోలియం జెల్లీ ఒక్కటే మందంగా రాసినా కొంత రక్షణ ఉంటుంది.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. డైపర్ మార్చిన ప్రతిసారీ ఆ తెల్లని పూతనంతా రుద్ది తీసేసి మళ్లీ కొత్తగా రాస్తారు, ఆ రుద్దుడుకే కొత్తగా పట్టిన పలచటి చర్మం లేచిపోతుంది. మలం అంటిన పైభాగాన్ని మాత్రం తీసేసి, కింద మిగిలిన శుభ్రమైన పూతను అలాగే ఉంచి, దాని మీదే మరికొంత వేయాలి. రోజుకు ఒక్కసారి, స్నానం ముందు, నూనె దూదితో మెత్తగా మొత్తం తీసి చర్మం ఎలా ఉందో చూసుకుంటే చాలు. గుడ్డ లంగోటీలు వాడేవారు పూత మీద ఒక పలచటి గుడ్డ ముక్క పరిస్తే, ఆ మందు లంగోటీకి పట్టి నీరు పీల్చే గుణాన్ని పోగొట్టదు.

ఇలా చేస్తే మామూలు ర్యాష్ రెండు మూడు రోజుల్లో స్పష్టంగా తగ్గుముఖం పడుతుంది. తగ్గకపోయినా, పైన చెప్పినట్టు మడతల్లోకి పాకినా డాక్టరుకు చూపించి ఫంగస్ మందు వాడాలి. ఒక శాతం క్లోట్రిమజోల్ గానీ, మైకోనజోల్ గానీ, నిస్టాటిన్ గానీ సాధారణంగా రాస్తారు. ఆ మందును శుభ్రమైన, ఆరిన చర్మానికి పలచగా రాసి, కాస్త ఆగి, దాని మీద జింక్ పూత వేయాలి. వరుస తారుమారైతే మందు చర్మానికి చేరదు. ఎరుపు పోయింది కదా అని వెంటనే ఆపకుండా, డాక్టరు చెప్పినన్ని రోజులు రాయాలి. మా అమ్మాయికి నాలుగో రోజుకే చర్మం మామూలైనా, ఆవిడ ఇంకొన్ని రోజులు రాయించారు, మళ్లీ తిరగబెట్టలేదు.

రాయకూడనివి

ఈ భాగాన్ని ఓపికగా చదవమని వేడుకుంటున్నాను. మన ఊళ్లలో మందుల షాపుకు వెళ్లి పిల్లకు ఒరుసుకుపోయిందని చెబితే, ఫంగస్ మందు, యాంటీబయాటిక్, బలమైన స్టెరాయిడ్ మూడూ కలిపిన క్రీము ఇవ్వడం మామూలైపోయింది. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి పేర్లు ఉంటే అది స్టెరాయిడ్. దాని పక్కన నియోమైసిన్ అనో జెంటమైసిన్ అనో ఉంటే అది యాంటీబయాటిక్. స్టెరాయిడ్ వాపునూ ఎరుపునూ త్వరగా అణచివేస్తుంది కాబట్టి రెండు రోజుల్లో గుణం కనిపించినట్టు అనిపిస్తుంది, కానీ ఫంగస్ ఆ చాటున పెరుగుతూ పోతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఒకటుంది. పసిపిల్లల చర్మం పలచన, దాని మీద డైపర్ మూతలా బిగిసి ఉంటుంది, కాబట్టి రాసిన స్టెరాయిడ్ పెద్దవాళ్లలో కంటే చాలా ఎక్కువగా రక్తంలోకి ఇంకుతుంది. వారాల తరబడి వాడితే చర్మం కాగితంలా పలచబడుతుంది, ముఖం ఉబ్బుతుంది, ఎదుగుదల కుంటుపడుతుంది, శరీరం తనంతట తాను తయారుచేసుకునే హార్మోన్ ఉత్పత్తి తగ్గిపోతుంది. ఇలాంటి దుర్వినియోగం వల్లనే మన దేశంలో 2018లో పలు స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు. వాపు మరీ ఎక్కువగా ఉన్నప్పుడు డాక్టర్లు తక్కువ బలం గల హైడ్రోకార్టిసోన్‌ను కొద్ది రోజులకు రాస్తారు, అది వారు చూసి, లెక్కపెట్టి ఇచ్చేది. పాత చీటీలోదో పక్కింటి పిల్లకు ఇచ్చినదో తెచ్చి మీరు రాయకండి.

టాల్కం పౌడరు స్నానం తరువాత చల్లడం మన అలవాటు. కానీ చల్లినప్పుడు లేచే సన్నటి పొడి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మడతల్లో చేరినది చెమటతో కలిసి ఉండకట్టి ఒరుపును పెంచుతుంది. బోరిక్ పౌడరు అంతకంటే ప్రమాదం, పగిలిన చర్మం ద్వారా అది రక్తంలోకి చేరి విషమవుతుంది, గతంలో పసిపిల్లల ప్రాణాలే పోయాయి. వంటసోడా కలిపిన నీళ్లతో కడగమని చెప్పేవారున్నారు, అది కూడా చర్మం గుండా ఇంకి రక్తంలోని లవణాల సమతూకాన్ని చెడగొట్టగలదు. క్రిమిసంహారక ద్రవాలు నీళ్లలో కలిపి కడగడం వల్ల మంట తప్ప మేలు లేదు.

సున్నిపిండి విషయంలో పెద్దవాళ్ల మనసు నొప్పించకుండా చెప్పవలసి వస్తుంది. నలుగు పెట్టి స్నానం చేయించడం మన అమ్మమ్మలు ప్రేమతో చేసే పని, కానీ పిండి రవ్వ ఒరుసుకున్న చోట ఇసుక కాగితంలా పనిచేస్తుంది, మడతల్లో మిగిలిపోయిన పిండి నాని అక్కడే పులుస్తుంది. ర్యాష్ తగ్గేవరకు నడుము కింది భాగానికి నలుగు వద్దని చెబితే వారు కాదనరు. పసుపు, నిమ్మరసం, ఆకుల పసర్లు పగిలిన చర్మం మీద పెట్టకూడదు. స్నానం తరువాత సాంబ్రాణి పొగ పట్టడం వల్ల మొల ఆరుతుందన్న మాట ఉంది, ఆ పొగ బిడ్డ ఊపిరికి చేసే హాని దానికంటే ఎక్కువ. కొబ్బరినూనె మీద నాకు విరోధం లేదు. చర్మం పగలనప్పుడు, మడతలు ఒరుసుకోకుండా పలచగా రాస్తే మంచిదే, కానీ కమిలిన చర్మానికి జింక్ పూత ఇచ్చే రక్షణ నూనె ఇవ్వలేదు.

మళ్లీ రాకుండా

డైపర్ వాడటం తప్పు కాదు. డైపర్ లోపల ఉండే సోడియం పాలీ అక్రిలేట్ పొడి మూత్రాన్ని పీల్చి జెల్లీగా మారుస్తుంది కాబట్టి, తడి లంగోటీలో ఉండటం కంటే చర్మం పొడిగానే ఉంటుంది. డైపర్ చిరిగినప్పుడు బిడ్డ ఒంటికి అంటుకునే మెరిసే పూసలు అవే, కడిగేస్తే పోతాయి, కంగారు పడనవసరం లేదు. తప్పల్లా దాన్ని నిండేవరకు ఉంచడంలో ఉంది. పన్నెండు గంటలు ఆగుతుందని అట్ట మీద రాసిన మాట కారకుండా ఉండటం గురించి, బిడ్డ చర్మం గురించి కాదు. ఖర్చు గురించి నాకు తెలుసు, ఒక్కో డైపర్ ధర చూసి ఇంకో గంట ఉంచుదామని అనిపించడం ఎవరికైనా సహజం. అందుకే ఇంట్లో ఉన్నంతసేపూ గుడ్డ లంగోటీ లేదా ఊరికే వదిలేయడం, ప్రయాణానికీ రాత్రికీ డైపర్, అన్న పద్ధతి చాలా ఇళ్లకు సరిపోతుంది. నడుము దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. తొడల మీద ఎర్రటి గీతలు పడుతుంటే పెట్టె మీద రాసిన బరువు ఎంతైనా సరే, పెద్ద సైజుకు మారే సమయం వచ్చినట్టే.

గుడ్డ లంగోటీల్లో అసలు శత్రువు మిగిలిపోయిన సబ్బు. మలం తీసేసి ముందు మామూలు నీళ్లలో జాడించి, తరువాత వేడినీళ్లలో తక్కువ పొడితో ఉతికి, నురగ పూర్తిగా పోయేవరకు మూడు నీళ్లు మార్చి జాడించాలి. బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉండే ప్రాంతాల్లో గుడ్డలు ఆరాక అట్టలా బిరుసెక్కుతాయి. అక్కడ వీలైతే చివరి జాడింపు కుళాయి నీళ్లతోనో వాననీళ్లతోనో చేసి, తొడిగేముందు గుడ్డను చేతుల మధ్య నలిపి మెత్తబరచాలి. సువాసన కోసం కలిపే ద్రవాలు వద్దు. మంచి ఎండలో ఆరేయాలి, వానాకాలంలో ఎండ లేనప్పుడు చెమ్మగా ఉండగానే ఇస్త్రీ చేసి పూర్తిగా పొడిబారాకే కట్టాలి. లంగోటీ మీద ప్లాస్టిక్ నిక్కరు తొడిగితే లోపల ఆవిరి పట్టి, చేసిన జాగ్రత్త అంతా వృథా అవుతుంది.

తడి వైప్స్ ప్రయాణంలో సౌకర్యమే, ఆల్కహాల్, సువాసన లేనివి చూసి కొనాలి. చర్మం కమిలి ఉన్నప్పుడు మాత్రం వాటిని పక్కన పెట్టి నీళ్లే వాడాలి. విరేచనాలు మొదలైన రోజున ర్యాష్ కనిపించేవరకు ఆగకుండా, ముందే జింక్ పూత వేయడం మొదలుపెట్టండి. ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓఆర్ఎస్ పొట్లాలు, నోటి ద్వారా ఇచ్చే జింక్ మందు ఉచితంగా ఇస్తారు, చెప్పిన మోతాదులో వాడితే విరేచనాలూ త్వరగా తగ్గుతాయి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న కూతురి పురిటికి వెళ్లే తల్లులకు ఒక సూచన. ఇక్కడి నుంచి సున్నిపిండి, పౌడరు డబ్బాలు, మనకు అలవాటైన ట్యూబులు సంచిలో సర్దుకుని వెళ్లనవసరం లేదు. అక్కడి దుకాణాల్లో జింక్ పూత డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతుంది. మీ సంచిలో తీసుకువెళ్లదగినవి ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన నూలు చీర ముక్కలు, వాటికి సాటివచ్చేవి ఏ దేశంలోనూ దొరకవు.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి

నెలన్నర నిండని పసికందుకు ర్యాష్ వస్తే ఇంటి వైద్యంతో కాలయాపన చేయకుండా చూపించాలి. ఏ వయసు బిడ్డకైనా జ్వరం వచ్చినా, నీటి బుడగల్లాంటి పొక్కులు లేచినా, చీము గానీ రక్తం గానీ కనిపించినా, పాలు తాగడం మానినా, మూత్రం పోసిన ప్రతిసారీ గుక్కపెట్టి ఏడుస్తున్నా అదే రోజు తీసుకువెళ్లాలి. మలద్వారం చుట్టూ గిరి గీసినట్టు చిక్కటి ఎరుపు ఉండి, మలవిసర్జనకు బిడ్డ భయపడుతుంటే అది స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల కావచ్చు, దానికి నోటి ద్వారా యాంటీబయాటిక్ కావాలి. మొలతో పాటు నోటి చుట్టూ, చేతివేళ్ల మీద కూడా పుండ్లలా లేచి, విరేచనాలు తగ్గక, జుట్టు రాలుతుంటే శరీరంలో జింక్ లోపం ఉందేమో పరీక్షించాలి. ఇంట్లో మరెవరికైనా రాత్రిపూట దురద ఉంటే ఆ సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే గజ్జి కూడా పసిపిల్లల్లో ఇదే రూపంలో కనిపించవచ్చు.

వెళ్లేముందు జింక్ పూత పూర్తిగా తీసేయండి, లేకపోతే చర్మం కనిపించదు. మొదటిరోజు నుంచి పగటి వెలుతురులో ఫోనులో తీసిన ఫొటోలు ఉంటే చూపించండి. పది రోజులుగా ఏయే మందులు మింగించారో గుర్తుచేసుకోండి. ఇప్పటివరకు రాసిన ట్యూబులన్నీ, సిగ్గుపడకుండా, సగం అయిపోయినవీ నొక్కి చుట్టినవీ సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకువెళ్లండి. మా అమ్మాయి విషయంలో డాక్టరుగారికి అసలు సంగతి తెలిసింది ఆ ట్యూబు మీది చిన్న అక్షరాల వల్లనే.